టీకాలు, ఆటిజం: అనుమానం మీద విచారణ
(స్మారకోపన్యాస పాఠం)

పిల్లలకు తట్టు టీకా పడేది తొమ్మిదో నెల నుంచి రెండో ఏడు నిండేలోపు. బిడ్డ ఎదుగుదలలో ఏదో తేడా ఉందని ఇంట్లోవాళ్లకు అనుమానం మొదలయ్యేదీ సరిగ్గా ఆ వయసులోనే. పిలిస్తే పలకడు. కళ్లలోకి చూడడు. కావలసిన వస్తువును వేలు పెట్టి చూపించడు, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్తాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఇంకో సంగతి కూడా జరుగుతుంది: వచ్చిన నాలుగు మాటలూ పోతాయి. నిన్నమొన్నటిదాకా 'అత్త', 'తాత' అన్న బిడ్డ మాట మానేస్తే, ఈ మధ్య ఏం జరిగిందా అని తల్లి ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంది. జ్వరం వచ్చింది. అంతకుముందు సూది వేయించారు.

టీకాలకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానానికి మూలం ఇదే. అందులో తెలివితక్కువతనమేమీ లేదు. వైద్యంలో ఇవాళ అందరూ ఒప్పుకునే నిజాలు కొన్ని ఇలాంటి అనుమానాలుగానే మొదలయ్యాయి. అయితే కోట్లమంది పిల్లలకు ఒకే వయసులో టీకా వేస్తున్నప్పుడు, ఆ వయసులోనే బయటపడే ఏ సమస్య అయినా వేలమందిలో టీకా పక్కనే కనిపించక మానదు. టీకా వేయకపోతే ఆ వేలమందికి ఆ సమస్య రాకుండా ఉండేదా అన్నది తేలాలి. ఒక బిడ్డను ఎంత దగ్గరగా పరీక్షించినా ఇది తేలదు. వేయించుకున్న పిల్లలనూ వేయించుకోని పిల్లలనూ పెద్దసంఖ్యలో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ అనుమానాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చిన వ్యాసంలో సరిగ్గా ఆ పోలికే లేదు. 1998 ఫిబ్రవరి 28న లండన్ వైద్య పత్రిక 'ది లాన్సెట్' దాన్ని అచ్చువేసింది. రాయల్ ఫ్రీ ఆసుపత్రికి చెందిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో 12 మంది దాని రచయితలు. పేగుల్లో వాపుతో పాటు మాటలోనూ ప్రవర్తనలోనూ వెనకబాటు కనిపించిన 12 మంది పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. వారిలో 8 మందికి లక్షణాలు ఎంఎంఆర్ తర్వాతే మొదలయ్యాయని తల్లిదండ్రులో వైద్యులో చెప్పారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అనే మూడు జబ్బులకు కలిపి వేసే టీకా ఎంఎంఆర్. బ్రిటన్‌లో అది 1988 నుంచి వాడకంలో ఉంది. టీకాకూ ఈ లక్షణాలకూ సంబంధాన్ని నిరూపించలేదని వ్యాసమే ఒప్పుకుంది. కానీ పత్రిక బయటికి రావడానికి రెండు రోజుల ముందు ఆసుపత్రి విలేకరుల సమావేశం పెట్టింది. మూడింటినీ కలిపి వేయడం ఆపి విడివిడిగా వేయాలని అక్కడ వేక్‌ఫీల్డ్ అన్నాడు. వ్యాసంలోని ఒప్పుకోలును ఎంతమంది చదివారో గానీ, సమావేశంలోని మాట మాత్రం ఇంటింటికీ చేరింది. 2001 డిసెంబరులో, తన చంటిబిడ్డకు ఎంఎంఆర్ వేయించారా లేదా చెప్పడానికి ప్రధాని టోనీ బ్లెయిర్ నిరాకరించడంతో పత్రికలకు మరో ఏడాది సరిపడా మేత దొరికింది. రెండేళ్లు నిండేసరికి ఎంఎంఆర్ వేయించుకున్న పిల్లలు ఇంగ్లండులో 1990ల మధ్యలో 92 శాతం వరకూ ఉండగా, 2003-04 నాటికి 80 శాతానికి పడిపోయారు.

వ్యాసం వెనక ఏముందో బయటపడటానికి ఆరేళ్లు పట్టింది. 'సండే టైమ్స్' విలేకరి బ్రయన్ డీర్ 2004 ఫిబ్రవరిలో మొదటి కథనం రాశాడు. టీకా కంపెనీల మీద దావా వేయడానికి తల్లిదండ్రుల తరఫున పనిచేస్తున్న న్యాయవాది నుంచి వేక్‌ఫీల్డ్ డబ్బు తీసుకున్నాడు. ఖర్చులు కాక ఆ మొత్తం 4,35,643 పౌండ్లని తర్వాత తేలింది. అదంతా ప్రభుత్వ న్యాయ సహాయ నిధి సొమ్ము. పన్నెండు మందిలో కొందరు పిల్లలు ఆసుపత్రికి మామూలు రోగుల్లా రాలేదు. ఎంఎంఆర్ మీద అనుమానంతో ఉన్న సంఘాల ద్వారా, ఆ దావా ద్వారా వచ్చారు. ఇంకో తట్టు టీకాకు పేటెంటు కోరుతూ వేక్‌ఫీల్డ్ 1997 జూన్‌లోనే దరఖాస్తు పెట్టుకున్నాడు. కథనం వచ్చిన మరుసటి నెలలో 13 మంది రచయితల్లో 10 మంది, టీకా గురించి ఆ వ్యాసంలో చేసిన వ్యాఖ్యానాన్ని వెనక్కి తీసుకున్నారు.

బ్రిటన్ వైద్యుల నియంత్రణ సంస్థ జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో వేక్‌ఫీల్డ్ మీద విచారణ 2007లో మొదలై రెండున్నరేళ్లు సాగింది. పిల్లలకు అవసరం లేకపోయినా, నైతిక సంఘం అనుమతి లేకుండా పెద్దపేగు పరీక్షలూ వెన్నులోంచి నీరు తీసే పరీక్షలూ చేయించినట్టు తేలింది. పోలిక కోసమని సొంత కొడుకు పుట్టినరోజు వేడుకకు వచ్చిన పిల్లల చేతికి అయిదేసి పౌండ్లు పెట్టి రక్తం తీసిన సంగతీ బయటపడింది. 2010 ఫిబ్రవరిలో 'ది లాన్సెట్' వ్యాసాన్ని రద్దు చేసింది. మే నెలలో వైద్యుల జాబితా నుంచి వేక్‌ఫీల్డ్ పేరు కొట్టేశారు. ఆసుపత్రి రికార్డులను వ్యాసంతో పోల్చి డీర్ రాసిన కథనాలను 2011లో 'బీఎంజే' వైద్య పత్రిక ప్రచురించింది. పన్నెండు మందీ అంతకుముందు బాగానే ఉన్నారని వ్యాసం అంటే, 5 మందికి టీకాకు ముందే ఎదుగుదల సమస్యలు నమోదై ఉన్నాయి. వచ్చిన మాటలు పోయిన ఆటిజం అని వ్యాసం లెక్కగట్టిన 9 మందిలో ముగ్గురికి అసలు ఆటిజమే లేదు. ఆ పత్రిక సంపాదకవర్గం దీన్ని మోసం అనే పిలిచింది. అదే విచారణలో శిక్షపడిన సహరచయిత, పిల్లల జీర్ణకోశ వైద్యుడు జాన్ వాకర్-స్మిత్ మీది తీర్పును 2012లో లండన్ హైకోర్టు కొట్టేసిందన్నది కూడా చెప్పుకోవాలి. వేక్‌ఫీల్డ్ మీది నిర్ణయం అలాగే నిలిచింది.

అయితే ఒక మనిషి మోసగాడని తేలినంత మాత్రాన అతడు లేవనెత్తిన ప్రశ్నకు జవాబు వచ్చినట్టు కాదు. మోసగాడు కూడా ఎప్పుడైనా పొరపాటున నిజం చెప్పవచ్చు. వేక్‌ఫీల్డ్ కథ దగ్గరే ఆగిపోయే వ్యాసాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చాలా ఉన్నాయి. అవి సగం పనే చేస్తాయి. మిగతా సగం లెక్కల్లో ఉంది.

వేక్‌ఫీల్డ్ సిద్ధాంతం ప్రకారం టీకాలోని తట్టు వైరస్ పేగుల్లో తిష్ఠవేసి, అక్కడి నుంచి మెదడుకు చేటు చేస్తుంది. దీన్ని నేరుగా పరీక్షించవచ్చు. పేగు సమస్యలతో పాటు ఆటిజం ఉన్న 25 మంది పిల్లల పేగు నుంచీ, పేగు సమస్యలు మాత్రమే ఉన్న 13 మంది పేగు నుంచీ తీసిన ముక్కలను మూడు ప్రయోగశాలల్లో పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. ఎవరి ముక్క ఏదో ప్రయోగశాలలకు చెప్పలేదు. అంతకుముందు వైరస్ దొరికిందని ప్రకటించిన డబ్లిన్ ప్రయోగశాల కూడా ఆ మూడింటిలో ఉంది. ఈసారి వైరస్ జాడ ఆటిజం ఉన్నవారిలో ఒకరిలో, లేనివారిలో ఒకరిలో కనిపించింది.

జనాభా లెక్కలు అంతకు ముందే మొదలయ్యాయి. 1999లో లండన్‌లో బ్రెంట్ టేలర్ బృందం ఆటిజం ఉన్న 498 మంది పిల్లల రికార్డులు చూసింది. 1988లో ఎంఎంఆర్ వచ్చాక ఆటిజం ఒక్కసారిగా ఎగబాకిన ఆనవాలు లేదు. టీకా వేయించుకున్న పిల్లల్లో నిర్ధారణ ముందుగా జరిగిందీ లేదు. అసలైన బలం డెన్మార్క్ నుంచి వచ్చింది. ఆ దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక నంబరు ఉంటుంది. టీకా, ఆసుపత్రి, మానసిక వైద్య నిర్ధారణ అన్నీ ఆ నంబరు కిందే నమోదవుతాయి. ఎవరినీ పిలిచి జ్ఞాపకం చేసుకోమని అడగనక్కర్లేదు. 1991 నుంచి 1998 వరకూ పుట్టిన 5,37,303 మందిని 2002లో లెక్కించారు. వారిలో 4,40,655 మంది ఎంఎంఆర్ వేయించుకున్నారు, దాదాపు 97 వేలమంది వేయించుకోలేదు. రెండు జట్లలోనూ ఆటిజం ఒకే స్థాయిలో ఉంది. టీకా వేసిన వయసును బట్టి గానీ, వేసి ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి గానీ ఆటిజం ఒకచోట గుమిగూడలేదు.

2019లో అదే దేశంలో ఆండర్స్ వీద్ బృందం 1999 నుంచి 2010 వరకూ పుట్టిన 6,57,461 మందితో ఇదే లెక్కను మళ్లీ వేసింది. వారిలో 6,517 మందికి ఆటిజం నిర్ధారణ అయింది. టీకా వేయించుకోనివారి ముప్పును ఒకటి అనుకుంటే వేయించుకున్నవారిది 0.93. ఇలాంటి అంకెకు ఎప్పుడూ అటూ ఇటూ కొంత జారు ఉంటుంది. ఇక్కడ అది 0.85 నుంచి 1.02 వరకూ. 'సంబంధం లేదు' అన్న మాటకు అర్థం ఈ చివరి అంకెలో ఉంది. ఏ శాస్త్రమూ సున్నాను నిరూపించలేదు. నిరూపించగలిగేది, ముప్పంటూ ఉంటే అది ఇంతకు మించి ఉండదని మాత్రమే. లెక్కను టీకాకు ఎంత వ్యతిరేకంగా చదివినా ఆ ముప్పు వందకు రెండు వంతుల పెరుగుదల దాటదు. బిడ్డ మాట పోవడానికి ప్రధాన కారణం టీకాయే అన్న మాట అందులో ఎక్కడా ఇమడదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం చెప్పుకోవచ్చు. మొత్తం పిల్లల్లో తేడా లేకపోయినా, పుట్టుకతోనే ఆటిజం వైపు మొగ్గు ఉన్న కొద్దిమందిని మాత్రం టీకా అటు నెట్టేస్తుందేమో? ఆటిజం ఉన్న పిల్లల తోబుట్టువులు సరిగ్గా అలాంటివాళ్లే. అమెరికాలో అన్నో అక్కో ఉన్న 95,727 మంది పిల్లల బీమా రికార్డులను 2015లో పరిశీలించారు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న 1,929 మందిలో 6.9 శాతానికి ఆటిజం వచ్చింది. అలాంటి అన్నా అక్కా లేనివారిలో అది 0.9 శాతం. కుటుంబంలో నడిచే ముప్పు ఎంత పెద్దదో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఆ 1,929 మందిలోనూ టీకా వేయించుకున్నవారికి ముప్పు పెరగలేదు, నిజానికి కొంచెం తక్కువగా కనిపించింది. టీకా ఆటిజాన్ని ఆపుతుందని దీన్నిబట్టి అనుకోకూడదు. పెద్దబిడ్డకు ఆటిజం ఉన్న ఇళ్లలో చిన్నబిడ్డకు రెండేళ్లు నిండేసరికి టీకా వేయించినవారు 73 శాతం, మిగతా ఇళ్లలో 84 శాతం. చిన్నవాడిలోనూ ఏదో తేడా కనబడగానే భయపడి టీకా ఆపిన తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి ఆ పిల్లలు వేయించుకోనివారి లెక్కలో చేరి ఆ పక్క అంకెను పెంచి ఉండవచ్చు. భయం గణాంకాల్లోకి కూడా ఇలా చొరబడుతుంది.

జపాన్‌లో ఈ ప్రయోగాన్ని ఎవరూ తలపెట్టకుండానే చరిత్ర చేసి చూపింది. ఆ దేశం 1989లో ఎంఎంఆర్ మొదలుపెట్టి 1993లో ఆపేసింది. కారణం ఆటిజం కాదు, గవదబిళ్లల భాగంలో వాడిన ఉరాబే రకం వైరస్ వల్ల వచ్చిన మెదడుపొర వాపు. యోకొహామా నగరంలోని ఒక ప్రాంతంలో 1988లో పుట్టిన పిల్లల్లో దాదాపు 70 శాతం ఎంఎంఆర్ వేయించుకుంటే, 1993 నుంచి ఒక్కరూ వేయించుకోలేదు. ఆటిజం ఆ ఏళ్లన్నింటా పెరుగుతూనే పోయింది. టీకా పూర్తిగా ఆగాక పుట్టినవాళ్లలో ఇంకా ఎక్కువగా పెరిగింది.

ఎంఎంఆర్ మీద అనుమానం బ్రిటన్‌లో పుడితే, కొన్ని టీకాల్లో ఉండే పాదరసం మీద అనుమానం అమెరికాలో పుట్టింది. రెంటినీ కలిపి చెప్పడం అలవాటైపోయింది కానీ అవి వేర్వేరు వాదాలు. ఒకటి నిజమైతే రెండోదానికి పనిలేదు. ఎంఎంఆర్‌లో పాదరసం ఎన్నడూ లేదు. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, పాదరసం కలిపితే చచ్చిపోతుంది.

పాదరసం ఉన్న పదార్థం పేరు థయోమెర్సాల్. 1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబర్గ్ పట్టణంలో ఒకే సీసాలోంచి కంఠసర్పి మందు వేయించుకున్న 21 మంది పిల్లల్లో 12 మంది చనిపోయారు. సూది దిగిన ప్రతిసారీ సీసాలోకి సూక్ష్మజీవులు చేరే వీలుంటుంది. ఆ సీసాలో అవి చేరి పెరిగాయి. అలాంటి చావులను ఆపడానికే ఎక్కువ మోతాదులున్న సీసాల్లో థయోమెర్సాల్ వంటివి కలపడం మొదలైంది. భారతదేశంలో ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేసే పెంటావాలెంట్ టీకా పది మోతాదుల సీసాల్లో ఇప్పటికీ అది ఉంటుంది. ఆరోగ్య ఉపకేంద్రంలో ఈ తేడాను కంటితో చూడవచ్చు. పెంటావాలెంట్ సీసాను నిబంధనల ప్రకారం చల్లగా ఉంచి, తెరిచాక 28 రోజుల వరకూ వాడుకోవచ్చు. తట్టు-రుబెల్లా సీసాలో పొడిని కలిపిన సమయాన్ని మాత్రం ఏఎన్ఎం సీసా మీద రాసిపెట్టుకుని, నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేస్తుంది. దాన్ని కాపాడే మందు అందులో లేదు.

అమెరికాలో 1999 జులైలో పిల్లల వైద్యుల సంఘం, ప్రభుత్వ ఆరోగ్య శాఖ కలిసి థయోమెర్సాల్‌ను పిల్లల టీకాల నుంచి తీసేయమని కోరాయి. హాని కనబడి కాదు. మొదటి ఆరు నెలల్లో వేసే టీకాలన్నీ కలిపితే వచ్చే 187.5 మైక్రోగ్రాముల పాదరసం, చేపల్లో దొరికే మిథైల్ పాదరసానికి పెట్టుకున్న పరిమితుల్లో ఒకదాన్ని దాటుతుందని, జాగ్రత్త కోసం. టీకాలో ఉన్నది ఇథైల్ పాదరసం. శిశువుల రక్తంలో దాని పాళ్లు వారంలోపే సగానికి తగ్గిపోతాయి, మిథైల్ పాదరసానికి నెలన్నర దాకా పడుతుంది. ఇదంతా జనానికి ఎవరూ వివరించలేదు. 'ప్రమాదం లేదు, అయినా తీసేస్తున్నాం' అన్న మాట విన్న ఏ తల్లికైనా అనుమానం పెరగడమే సహజం. 2001 నాటికి పిల్లల టీకాల్లో, కొన్ని ఫ్లూ టీకాలు తప్ప, అది లేకుండా పోయింది. పాదరసమే కారణమైతే ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గాలి. కాలిఫోర్నియాలో అది పెరుగుతూనే ఉందని 2008లో తేలింది. 1992లోనే థయోమెర్సాల్ మానేసిన డెన్మార్క్‌లోనూ అదే జరిగింది.

టీకా నష్టపరిహారం కోసం అమెరికాలో ఉన్న ప్రత్యేక న్యాయస్థానం ముందుకు ఆటిజం పేరుతో 5 వేలకు పైగా దావాలు వచ్చాయి. అక్కడ మామూలు కోర్టుల కన్నా తక్కువ సాక్ష్యం చాలు. నమూనాగా తీసుకున్న కేసుల్లో ఎంఎంఆర్ వాదాన్ని 2009లో, థయోమెర్సాల్ వాదాన్ని 2010లో న్యాయస్థానం తోసిపుచ్చింది.

పాదరసం పోయాక 'ఇన్ని టీకాలు ఇంత చిన్న వయసులోనా' అన్న ప్రశ్న వచ్చింది. సంఖ్య పెరిగిన మాట నిజమే. కానీ రోగనిరోధక వ్యవస్థకు లెక్క సూదులతో కాదు, వాటిలోని ప్రొటీన్లతో. పాతకాలపు కోరింత దగ్గు టీకా ఒక్కదాంట్లోనే సుమారు 3 వేల ప్రొటీన్లు ఉండేవి. ఇప్పుడు అమెరికా బిడ్డకు వేసే టీకాలన్నీ కలిపినా అందులో చిన్న వంతే. ప్రొటీన్ల సంఖ్యకూ ఆటిజానికీ సంబంధం లేదని 2013లో అక్కడి అధ్యయనమొకటి చూపింది. కొన్ని టీకాల్లో ఉండే అల్యూమినియం మీద ప్రశ్నకు 12 లక్షలకు పైగా డేనిష్ పిల్లల రికార్డులతో 2025లో జవాబు వచ్చింది: ఎక్కువ అల్యూమినియం అందినవారిలో ఆటిజం ఎక్కువ లేదు. ఒక అనుమానం తేలగానే మరొకటి దాని స్థానంలోకి రావడం ఈ చరిత్ర అంతటా కనిపిస్తుంది. 2025 నవంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన వెబ్‌సైట్‌లో, టీకాలు ఆటిజానికి కారణం కావన్న పాత మాటకు తగిన ఆధారం లేదన్నట్టు మార్చి రాసింది. అక్కడి వైద్య సంఘాలు వెంటనే తప్పుపట్టాయి. సున్నాను ఎవరూ నిరూపించలేరన్న మామూలు సంగతిని, ఇంకా ఏమీ తేలలేదన్నట్టు చెప్పడమే ఆ మార్పులోని కిటుకు.

టీకాలు కాకపోతే ఆటిజం ఎందుకు పెరుగుతోంది? అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో 2000లో 150 మందికి ఒకరుగా ఉన్నది 2022లో 31 మందికి ఒకరైంది. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ ఆటిజాన్ని మొదట వర్ణించినప్పుడు ఆయన దగ్గర ఉన్నవారు 11 మంది పిల్లలు, అందరూ తీవ్రమైన లక్షణాలు ఉన్నవాళ్లు. 1987, 1994, 2013లలో నిర్వచనం మారుతూ వచ్చి, చక్కగా మాట్లాడుతూ బడికి వెళ్లే పిల్లలూ దానిలోకి వచ్చారు. డెన్మార్క్‌లో 1980 నుంచి 1991 వరకూ పుట్టినవారిలో కనిపించిన పెరుగుదలలో 60 శాతం దాకా, నిర్వచనం మారడం, ఆసుపత్రిలో చేరనివారినీ లెక్కలో కలపడం అనే రెండు మార్పుల వల్లే వచ్చిందని 2015లో లెక్కగట్టారు. మిగతాదంతా లెక్కల మాయే అనడానికి లేదు. తల్లిదండ్రుల వయసు పెరగడం, నెలలు నిండకుండా పుట్టినవారు బతకడం వంటివీ కొంత కలుస్తాయి. మన దగ్గర మొన్నమొన్నటి దాకా ఈ పిల్లలు మందబుద్ధి అన్న మాట కిందో, 'లేటుగా మాట్లాడతాడులే, వాళ్ల నాన్నా అంతే' అన్న ఓదార్పు కిందో ఉండిపోయారు. హైదరాబాద్‌తో కలిపి దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరీక్షించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో ఆటిజం సుమారు వందకు ఒకరిలో కనిపించింది. ఆటిజాన్ని అంచనా వేయడానికి దేశమంతా వాడే 'ఇసా' కొలమానం తయారైంది సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే.

కారణాల్లో వంశపారంపర్యం వాటాయే పెద్దది. అయిదు దేశాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లలను చూసిన 2019 అధ్యయనం ఆ వాటాను 80 శాతం దగ్గర నిలిపింది. గర్భిణి మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడటం వంటివీ ముప్పును పెంచుతాయి. టీకా వాదాన్ని అన్నిటికన్నా తేలిగ్గా దెబ్బతీసేది మాత్రం కాలం. 1994లో అమెరికా పరిశోధకులు, తర్వాత ఆటిజం నిర్ధారణ అయిన 11 మంది, కాని 11 మంది పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలు తీసుకుని చూశారు. కేకు ముందు కూర్చున్న బిడ్డ చుట్టూ ఉన్న ముఖాల వైపు చూస్తున్నాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, వేలు పెట్టి చూపిస్తున్నాడా అన్నవే లెక్కించారు. ఎక్కువ మందిలో తేడా అప్పటికే ఉంది. అమెరికాలో ఎంఎంఆర్ మొదటి మోతాదు వేసేది ఏడాది నిండాక. చూపును యంత్రంతో కొలిచిన 2013 అధ్యయనంలో, ఆటిజం రాబోయే పిల్లలు ఎదుటివారి కళ్లను చూడటం రెండు నుంచి ఆరు నెలల మధ్యే తగ్గుతూ వచ్చింది. అమ్మానాన్నలకు కనబడింది ఏడాదిన్నరకు గానీ, మొదలైంది అప్పుడు కాదు.

టీకాలతో హాని ఏమీ లేదని దీని అర్థం కాదు. ఎంఎంఆర్ తర్వాత వారం, పది రోజులకు జ్వరం వస్తుంది, మూడు నాలుగు వేలమందిలో ఒకరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఉరాబే రకం ఉన్న ఎంఎంఆర్‌ను బ్రిటన్ 1992లోనే ఆపేసింది. పేగు ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయే సమస్య సుమారు పది వేలమందిలో ఒకరికి రావడంతో, 1998లో అనుమతి పొందిన రోటాషీల్డ్ టీకాను అమెరికా 1999లోనే వెనక్కి తీసుకుంది. పది వేలకు ఒకటిగా వచ్చే హానిని ఏడాదిలో పట్టుకున్న నిఘాకు, వందకు మూడుగా ఉన్న ఆటిజం వెనక టీకా ఉంటే పాతికేళ్లుగా కనబడకపోవడం జరగని పని.

అనుమానానికి మూల్యం చెల్లించింది పిల్లలే. తట్టు సోకినవాడు ఒకడుంటే, టీకా లేని చోట 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. దాన్ని ఆపాలంటే ఊళ్లో 95 శాతం మందికి టీకా పడి ఉండాలి. 2012-13లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో 1,200 మందికి పైగా తట్టు వచ్చింది. వారిలో చాలామంది వేక్‌ఫీల్డ్ హడావుడి రోజుల్లో టీకా తప్పిపోయిన పిల్లలు. 2025లో అమెరికాలోని టెక్సస్‌లో 762 మందికి సోకింది, టీకా వేయించని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లకు జరిగిన నష్టం గురించి తక్కువగా మాట్లాడతారు. ఒంట్లోంచి పాదరసం లాగేస్తామంటూ చేసే 'కీలేషన్' చికిత్సలో 2005లో అమెరికాలో అయిదేళ్ల పిల్లవాడు చనిపోయాడు. మాట నేర్పే శిక్షణకూ రోజువారీ పనులు నేర్పే శిక్షణకూ పోవలసిన డబ్బూ, రెండు మూడేళ్ల విలువైన వయసూ ఎంతమంది విషయంలో అలాంటి చోట్ల పోయాయో లెక్కకు దొరకదు.

టీకాకూ ఆటిజానికీ గట్టి ఆధారం ఉన్న సంబంధం ఒకటి ఉంది. అది రుబెల్లాది. 1941లో సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ పుట్టుకతోనే శుక్లాలున్న శిశువులు అనేకమంది ఒక్కసారిగా రావడం చూశాడు. వాళ్ల తల్లులకు గర్భం తొలినాళ్లలో రుబెల్లా వచ్చిందని వారి మాటల్లో తెలుసుకున్నాడు. అదీ అనుమానమే, కానీ లెక్కకు నిలబడింది. అమెరికాలో 1964-65లో చెలరేగిన రుబెల్లా వల్ల దాదాపు 20 వేలమంది శిశువులు చూపు, వినికిడి, గుండె లోపాలతో పుట్టారు. న్యూయార్క్‌లో అలాంటి 243 మందిని పరిశీలించిన మనోవైద్యురాలు స్టెల్లా చెస్ 1971లో వారిలో 10 మందికి పూర్తి ఆటిజం, 8 మందికి కొన్ని లక్షణాలు ఉన్నాయని రాసింది. అప్పటి లెక్క ప్రకారం మామూలు పిల్లల్లో ఆటిజం పది వేలకు నలుగురైదుగురు. గర్భంలో రుబెల్లా సోకడం ఆటిజానికి కారణాల్లో ఒకటని ఆనాటి నుంచి ఒప్పుకుంటున్నారు. దాన్ని ఆపేది ఎంఎంఆర్‌లోని మూడో భాగమే.

భారతదేశంలో ఏటా సుమారు 40 వేలమంది శిశువులు గర్భంలోనే రుబెల్లా సోకి లోపాలతో పుడుతున్నారని అంచనాలు ఉన్న రోజుల్లోనూ ప్రభుత్వ టీకాల పట్టికలో రుబెల్లా లేదు. చాలాచోట్ల ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి ఎంఎంఆర్ వేయించినవారికే అది అందేది. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు వంటి చోట్ల, ఆ ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకు బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ తట్టు-రుబెల్లా టీకా వేశారు. వద్దని చెప్పే వాట్సాప్ సందేశాలు దక్షిణాదిన అప్పుడు జోరుగానే తిరిగాయి. ఆ ఉద్యమం తర్వాత పాత తట్టు టీకా స్థానంలో ఇదే నిలిచింది: 9 నుంచి 12 నెలల మధ్య ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. 2017లో బడి వరండాలో వరుసలో నిలబడిన ఎనిమిదో, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. వాళ్లకు పుట్టే బిడ్డల్లో రుబెల్లా తెచ్చే శుక్లాలతో పాటు రుబెల్లా తెచ్చే ఆటిజాన్నీ ఆనాటి సూది తప్పిస్తుంది.